చెలిమెపల్లె బడిలో తేమ శాతం

వడ్ల తేమ చూసే మిషను బడికి వచ్చిన రోజున, బడిలో వండే కొమురవ్వ పప్పులో చింతపులుసు పోస్తున్నది. గేటు ముందు ట్రాక్టరు ఆగింది. అందులోంచి ఒక బల్ల దిగింది, రెండు కుర్చీలు దిగాయి, ఒక బస్తా వడ్లు దిగాయి, చివరికి మిషను ఒళ్లో పెట్టుకుని ఓదెలు దిగాడు.

ఓదెలు ఆ ఊరివాడే. కోతల కాలంలో కొనుగోలు కేంద్రంలో కూర్చుంటాడు. రైతు కుప్పలోంచి గుప్పెడు వడ్లు తీసి మిషన్‌లో పోసి బటన్ నొక్కుతాడు. తేమ పదిహేడు శాతం లోపు ఉంటే తూకానికి పొమ్మంటాడు, దాటితే ఆరబెట్టుకుని రమ్మంటాడు. కోతలు అయిపోయాక అతనికీ పని ఉండదు, మిషన్‌కూ ఉండదు. అట్లాంటివాడు మాఘమాసంలో, అదీ బడికి, ఏం పనిమీద వచ్చాడో తెలియక కొమురవ్వ గరిటె పట్టుకునే వాకిట్లోకి వచ్చింది.

"ఏందల్లుడా, బడిల వడ్లు కొంటరా ఏంది?"

"వడ్లు కాదత్తా, పిల్లలు."

"పిల్లల కొంటరా?"

"కొనరు. చూస్తరు. ఎంతెంత దుఃఖంల ఉన్నరో చూసి రాసుకపొమ్మన్నరు."

కొమురవ్వ మిషన్ వంక చూసింది, ఓదెలు వంక చూసింది. అతను నవ్వడం లేదు. పప్పు పొంగుతున్న వాసన వచ్చి లోపలికి వెళ్లిపోయింది.

సంగతేమిటంటే, అంతకు పది రోజుల ముందు జిల్లా నుంచి మండల పరిషత్తుకు ఒక ఉత్తర్వు వచ్చింది. పాఠశాలల పనితీరుతో పాటు విద్యార్థుల మానసిక శ్రేయస్సును కూడా మండల పరిషత్తే పర్యవేక్షించవలెను. సదరు శ్రేయస్సును శాస్త్రీయ పరికరముతో కొలిచి, శాతములలో, ప్రతి నెల ఐదవ తేదీలోగా నివేదించవలెను. 'పిల్లలు బాగానే ఉన్నారు' వంటి సమాధానములు అంగీకరింపబడవు. ఇదీ ఉత్తర్వు.

విద్యా స్థాయీ సంఘం మూడు గంటలు కూర్చుంది. మండలంలో ఉన్న శాస్త్రీయ పరికరాలు ఏమేమిటని వెతికారు. తహశీలు ఆఫీసు మీద వాన కొలిచే డబ్బా ఉంది, అది మిల్లీమీటర్లలో చెబుతుంది. దవాఖానాలో బరువు చూసేది ఉంది, అది కిలోల్లో చెబుతుంది. జ్వరం చూసే గొట్టం డిగ్రీల్లో చెబుతుంది. శాతాల్లో మాట్లాడే పరికరం మండలం మొత్తంలో ఒక్క రకమే ఉంది. అది ప్రతి ఊరి కొనుగోలు కేంద్రం అలమారలో గుడ్డ కప్పుకుని ఉంది.

మండలాధ్యక్షుడు కనకయ్య ముప్పై ఏళ్లు వడ్లు పండించినవాడు, పదేళ్లు వడ్లు కొన్నవాడు. ఆయనకు విషయం వెంటనే పట్టుబడింది.

"ఏడుపంటే ఏంది? తడి. నవ్వేటోని మొఖం పొడిగుంటది, ఏడ్చేటోని మొఖం తడిగుంటది. తడి చూసే మిషను మన తాన ఉండనే ఉన్నది. ఇగ పరేషాన్ ఎందుకు?"

సభ్యులు తలలూపారు. ఆఫీసు సూపరింటెండెంటు వామనరావు మినిట్సు పుస్తకంలో, 'దుఃఖము తేమ రూపమున వ్యక్తమగునని సభ ఏకగ్రీవముగా గుర్తించినది' అని రాశాడు. పిల్లవాణ్ణి మిషన్ గిన్నెలో పోయడం కుదరదు కనుక, పిల్లవాడి గుప్పిట్లో ఎండిన వడ్లు పెట్టి, నిమిషం పాటు పట్టుకోమని, ఆ వడ్లను మిషన్‌లో పోయాలని తీర్మానించారు. పిల్లవాడి లోపల ఉన్న దుఃఖం వడ్లలోకి దిగుతుంది. హద్దు పదిహేడు శాతం. పదిహేడే ఎందుకని ఒక సభ్యుడు అడిగాడు. మనకు తెలిసిన హద్దు అదొక్కటే కదా అని అధ్యక్షుడు అన్నాడు.

అట్లా బడికొక మిషను చొప్పున పంచగా, చెలిమెపల్లె బడికీ ఒకటి వచ్చింది.

హెడ్మాస్టరు విఠల్ సారు మంచివాడు, పెన్షనుకు రెండేళ్ల దూరంలో ఉన్నవాడు. ఆయన ఉత్తర్వు రెండుసార్లు చదువుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, పిల్లలను వరుసలో నిలబెట్టాడు. ఉదయం ప్రార్థన కాగానే యాభై ఎనిమిది మంది గుప్పిళ్లలో వడ్లు పట్టుకుని నిలబడ్డారు. పన్నెండున్నర, పదమూడు, పన్నెండు పాయింటు ఎనిమిది. ఒక్కరు కూడా పద్నాలుగు దాటలేదు.

"మంచి సరుకు సారూ," అన్నాడు ఓదెలు అలవాటు కొద్దీ.

విఠల్ సారు ఊపిరి పీల్చుకున్నాడు. కానీ ఉత్తర్వులో రోజుకు రెండుసార్లు అని ఉంది. భోజనాలయ్యాక, పిల్లలు కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, విదిలించుకుంటూ వచ్చి మళ్లీ వరుసలో నిలబడ్డారు. మిషను మొదటి పిల్లవాడికి ఇరవై రెండు చూపించింది. రెండోవాడికి ఇరవై ఐదు. నాలుగో తరగతి శ్రీజ శుభ్రమైన పిల్ల, వాళ్లమ్మ నేర్పినట్టు మోచేతుల దాకా కడుక్కుంటుంది. ఆ పిల్లకు ముప్పై నాలుగు వచ్చింది.

"ముప్పై నాలుగంటే వానల తడిసిన కుప్పే," అన్నాడు ఓదెలు గొంతు తగ్గించి.

శ్రీజ పక్కపిల్ల చెవిలో ఏదో చెప్పి కిసకిసా నవ్వుతున్నది. వామనరావు స్వయంగా వచ్చి ఉన్నాడు ఆ రోజు. ఆ పిల్లను చాలాసేపు చూసి, 'పైకి నవ్వును. లోపల తీవ్రము' అని రాసుకున్నాడు.

యాభై ఎనిమిది మందిలో ఒక్క పిల్లకు మాత్రం మధ్యాహ్నం కూడా పన్నెండు పాయింటు నాలుగు వచ్చింది. ఆ పిల్ల మూడో తరగతి మైథిలి. ఆమె పెంచుకున్న మేకపిల్లను వాళ్ల నాయన ముందురోజు సంతలో అమ్మేశాడు. ఆ పిల్ల పొద్దుటి నుంచి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అన్నానికి లేవలేదు. కొమురవ్వ రెండుసార్లు పళ్లెం పట్టుకుపోయి, "రెండు బుక్కలు తిను బిడ్డా," అని బతిమాలి వచ్చింది. తినలేదు కనుక చేతులు కడుక్కోలేదు. కడుక్కోలేదు కనుక చేతులు పొడిగా ఉన్నాయి.

వారం తిరక్కుండా మైథిలికి మండల పరిషత్తు నుంచి రంగుల అట్ట మీద ప్రశంసాపత్రం వచ్చింది. 'మండలములోకెల్ల అత్యంత ఆనందమయ విద్యార్థిని.' ఆ పిల్ల దాన్ని పట్టుకుని ఫోటోకు నిలబడి ఏడ్చింది. ఆనందబాష్పాలని వామనరావు కింద రాయించాడు.

స్థాయీ సంఘం అత్యవసరంగా సమావేశమైంది. లెక్క స్పష్టంగా ఉంది. పిల్లలు పొద్దున సంతోషంగా వస్తున్నారు. మధ్యాహ్నం అన్నం తింటున్నారు. తిన్న ప్రతి ఒక్కరూ దుఃఖంలో మునుగుతున్నారు. తినని ఒకే ఒక్క పిల్ల సంతోషంగా ఉంది. ఇంతకంటే రుజువు ఏం కావాలి? గ్రాఫు కాగితం మీద గీత గీసి చూపించారు. పన్నెండున్నర గంటలకు గీత నిట్టనిలువుగా లేచింది.

"వండేదెవరు?" అన్నాడు కనకయ్య.

మరుసటి రోజు వామనరావు విచారణకు వచ్చాడు. వంటషెడ్డు ముందు కుర్చీ వేయించుకుని, కొమురవ్వను ఎదురుగా నిలబెట్టి, ఫైలు తెరిచాడు. వెనక గోడ దగ్గర విఠల్ సారు, ఓదెలు ఉన్నారు.

"నీ పేరు?"

"కొమురవ్వ సారూ. మొన్ననే మీకు చాయ పోసిన."

"విచారణలో పూర్వపరిచయము పరిగణింపబడదు. ఎన్నేళ్ల నుండి వండుచున్నావు?"

"పదకొండేండ్లాయె."

"వండునప్పుడు నీ మనసులో ఏవైనా దుఃఖకరమైన ఆలోచనలు వచ్చునా?"

కొమురవ్వ ఆలోచించింది. "గ్యాసు అయిపోతదని వస్తయి."

ఆయన రాసుకున్నాడు. "వండునప్పుడు ఎప్పుడైనా కన్నీరు కార్చియున్నావా?"

"ఉల్లిగడ్డ కోసేటప్పుడు వస్తయి సారూ."

వామనరావు పెన్ను ఆపి తలెత్తాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు. "ప్రతిరోజూనా?"

"కూరల ఉల్లిగడ్డ లేకుంటే ఎట్ల?"

'కార్మికురాలు ప్రతిదినము వంట సమయమున ఏడ్చుచున్నట్లు స్వచ్ఛందముగా అంగీకరించినది. సదరు కన్నీరు ఆహారము ద్వారా విద్యార్థులకు సంక్రమించుచున్నదని భావించుటకు ఆధారములు కలవు.' ఆయన ఇది చదివి వినిపించి, వేలిముద్ర వేస్తావా, సంతకం చేస్తావా అని అడిగాడు.

కొమురవ్వ సంతకం చేయలేదు. "సారూ, నేనొక్క మాట చెప్తా. పోరగాండ్లు తిన్నంక చేతులు కడుక్కుంటరు. తడి చేతులల్ల వడ్లు పట్టుకుంటరు. వడ్లు తడుస్తయి. గంతే."

విఠల్ సారు ఆకాశం వంక చూశాడు. ఓదెలు తన చెప్పుల వంక చూశాడు.

"తేమ విషయములో సాంకేతిక అభిప్రాయము చెప్పుటకు నీకు అర్హతాపత్రము ఉన్నదా?" అన్నాడు వామనరావు.

"నాకేడిది సారూ."

"ఓదెలూ, నీకు?"

"నా పని బటన్ నొక్కుడే సారూ," అన్నాడు ఓదెలు. "నంబరు అదే వస్తది."

ఆ సాయంత్రం కుళాయి దగ్గర గిన్నెలు తోముతూ కొమురవ్వ అతణ్ణి పట్టుకుంది. "నీకు తెల్వదారా? కండ్లు కనవడయా?"

"కనవడ్తయి అత్తా. కనవడ్డది చెప్తే మిషను వాపస్ తీసుకుంటరు. మిషను పోతే నేను పోత. నన్నేమో టెక్నికల్ అసిస్టెంట్ అని రాసిండ్రు, మా ఇంటామె చుట్టాలందరికి ఫోన్ చేసి చెప్పింది."

"మంచిగున్నది. నువ్వు టెక్నికలైతే నా పొయ్యి ఆరిపాయె."

మొదట ఉల్లిగడ్డ నిషేధించారు. కూర చప్పబడింది కానీ అంకెలు దిగలేదు. తర్వాత స్థాయీ సంఘం దిద్దుబాటు చర్యలకు పూనుకుంది. తడిసిన వడ్లకు ఏం చేస్తారో మండలంలో అందరికీ తెలుసు. పదిహేడు దాటిన పిల్లలను బడి వెనకాల టార్పాలిన్ పట్టా మీద పలచగా పరిచి ఎండబెట్టాలని ఉత్తర్వు వచ్చింది. 'పలచగా' అన్న మాట కింద గీత కూడా ఉంది. యాభై ఏడు మంది పట్టా మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. అరగంటకొకసారి ఓదెలు వచ్చి, "ఇటు తిరుగున్రి," అనేవాడు. పిల్లలు ఇటు తిరిగేవారు. మొదటి రోజు బాగానే ఉంది వాళ్లకు, లెక్కల పీరియడ్ పోయింది. మైథిలి ఒక్కతే తరగతి గదిలో కూర్చుని ఖాళీ బెంచీల మధ్య ఎక్కాలు చదువుకుంది.

రెండున్నరకు ఎండలోంచి లేపి కొలిస్తే అరచేతులు చెమటలు పట్టి ఇరవై ఆరు, ఇరవై తొమ్మిది వచ్చాయి. 'దుఃఖము లోతుగా పాతుకొనియున్నందున ఎండకు పైకి ఉబికి వచ్చుచున్నది. ఇది శుభసూచకము' అని నివేదికలో రాశారు.

పనితీరు కూడా అదే ఫారంలో నింపాలి. ఫారం కొనుగోలు కేంద్రానిది, కొత్తది అచ్చువేయించే వ్యవధి లేకపోయింది. తేమ తర్వాత తాలు గింజలు, ఆ తర్వాత మట్టిపెడ్డలు, ఆ తర్వాత రంగు మారినవి. విఠల్ సారు రెండు రోజులు తల పట్టుకుని కూర్చుని, లెక్కల్లో తప్పినవాళ్లను తాలు కింద, ఆలస్యంగా వచ్చేవాళ్లను మట్టిపెడ్డల కింద రాశాడు. రంగు మారినవి అన్న గడిలో సున్నా వేసి పెన్ను పక్కన పెట్టాడు.

"కొమురవ్వా, నా పేరు ఏ గడిల రాయాల్నో తెలుస్తలేదు," అన్నాడు ఆమె చాయ తెచ్చినప్పుడు.

"చాయ తాగున్రి సారూ, చల్లారుతది," అంది ఆమె.

ఆమెకు నోటీసు వచ్చింది ఆ మరుసటి సోమవారం. వారం రోజులలోగా మధ్యాహ్నపు తేమ పదిహేడుకు దిగని పక్షమున సదరు కార్మికురాలిని తొలగించి, మండల కేంద్రము నుండి వ్యానులో ఆహారము సరఫరా చేయించబడును.

కొమురవ్వ నోటీసు విఠల్ సారుతో చదివించుకుని, మడిచి, రవికలో పెట్టుకుని, బియ్యం కడగడానికి కూర్చుంది. కడిగిన బియ్యాన్నే మళ్లీ కడిగింది. ఈ పొయ్యి మూడు రాళ్లుగా ఉన్నప్పటి నుంచి ఆమెదే. ఈ రేకుల షెడ్డుకు ఇటుకలు మోసింది ఆమె. భర్త పోయిన ఏడాది, ఇంట్లో ఒంటరిగా వండుకుని తినబుద్ధి కాక, పిల్లలతో పాటు ఇక్కడే తిని బతికింది. ఎవరికి అన్నం మెత్తగా కావాలో, ఎవరు గుడ్డులో తెల్లది తిని పచ్చది పక్కవాళ్లకు ఇస్తారో, ఎవరి ఇంట్లో రాత్రి వంట కాలేదో పళ్లెం పట్టుకునే తీరును బట్టి ఆమెకు తెలుస్తుంది. వ్యాను వాళ్లు ఏడింటికి వండి ఒంటిగంటకు దింపుతారట. గట్టిపడిన అన్నం ముందు మైథిలి కూర్చుని ఉండటం ఆమె కళ్లముందు మెదిలింది. ఆ పిల్లకు నిన్నగాక మొన్ననే మళ్లీ ఆకలి మొదలైంది.

నిజం చెబితే వినరని తేలింది. కొమురవ్వ మరి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మంగళవారం భోజనాలయ్యాక ఆమె కుళాయి పక్కన నిలబడింది. చేతులు కడుక్కున్న ప్రతి పిల్లనూ దగ్గరికి లాగి, రెండు చేతులూ కొంగుతో గట్టిగా తుడిచి, వేళ్ల సందులు కూడా తుడిచి, వీపు మీద ఒకటి తట్టి పంపింది. కొంగు తడిసి ముద్దయితే ఇటువైపు చెరగు తీసి తుడిచింది. శ్రీజ మోచేతుల దాకా తుడవడానికి రెండుసార్లు పట్టింది.

ఓదెలు బటన్ నొక్కాడు. పదమూడు. మళ్లీ నొక్కాడు. పదమూడు పాయింటు రెండు. మిషను పాడైందేమోనని తన చేత్తో వడ్లు పట్టుకుని చూసుకున్నాడు. ఇరవై ఒకటి వచ్చింది. భయపడి ఎవరికీ చెప్పలేదు.

బుధవారం అదే. గురువారం అదే. శుక్రవారం కనకయ్య, వామనరావు జీపులో వచ్చారు. పిల్లలు వరసగా కొమురవ్వ దగ్గరికి వెళ్లడం, ఆమె కొంగుతో తుడవడం, మిషను పదమూడు చూపించడం కళ్లారా చూశారు.

"ఏం చేసినవ్ చెల్లె?" అన్నాడు కనకయ్య.

"చేతులు తుడిచిన."

"అది కనిపిస్తున్నది. దుఃఖం ఎట్ల తీసినవ్?"

"కొంగుతోని తుడిచిన అన్నా. ఇంకేం లేదు."

కనకయ్య వామనరావు వైపు తిరిగాడు. ఆయన అప్పటికే రాస్తున్నాడు. 'సదరు కొంగు స్పర్శచే ముప్పది నాలుగు శాతము దుఃఖము క్షణములో పదమూడు శాతమునకు దిగుట ప్రత్యక్షముగా గమనింపబడినది.'

నోటీసు రద్దయింది. కొమురవ్వ ఆ రోజు అన్నంలోకి ఉల్లిగడ్డ వేసిన పచ్చిపులుసు చేసింది. పొయ్యి దక్కిందనే అనుకుంది.

సోమవారం వామనరావు మళ్లీ వచ్చాడు, ఈసారి ఎర్ర సీలు వేసిన కవరుతో. మండలంలో ఇరవై మూడు బడులున్నాయి. అన్నిచోట్లా మధ్యాహ్నపు దుఃఖం విపరీతంగా ఉంది. కనుక సదరు కొంగును మండల పరిషత్తు స్వాధీనపరచుకుని అన్ని బడులకూ వంతులవారీగా పంపాలని నిర్ణయం.

"కొంగు కత్తిరించి ఇయ్యాల్నా?" అంది కొమురవ్వ.

"మూరెడు సరిపోవును."

"కట్టుకున్న చీరె సారూ. ఆడిదాన్ని నిలబెట్టి కొంగు కోస్తరా? పోయి మీ ఇంట్ల అడుగున్రి, ఇస్తరేమో."

వామనరావు చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకు ఇంట్లో ఆ ప్రశ్న అడిగే ధైర్యం లేదు. ఫైలు పట్టుకుని వెళ్లిపోయాడు. మూడు రోజులకు కొత్త ఉత్తర్వు వచ్చింది. 'కొంగును కార్మికురాలి నుండి వేరుచేయుట సాధ్యము కానందున, కొంగుతో పాటు కార్మికురాలిని కూడా మండల పరిషత్తునకు శ్రేయస్సు సహాయకురాలిగా డిప్యుటేషనుపై తీసుకొనడమైనది. ఆమె ఇకపై క్షేత్రస్థాయిలో పనిచేయును. చెలిమెపల్లె పాఠశాలలో వంట చేయువారు లేనందున మధ్యాహ్న భోజనము తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేయడమైనది. భోజనము లేనందున భోజనానంతర కొలత అవసరము లేదు.'

విఠల్ సారు చదవడం ముగించి కాగితం బల్ల మీద పెట్టాడు. బయట పిల్లలు కుంటాట ఆడుతున్నారు.

"పెద్ద నౌకరే ఇచ్చిండ్రు కొమురవ్వా."

"పోరగాండ్లు ఏం తింటరు సారూ?"

ఆయన కాగితం తిరగేసి వెనక వైపు కూడా చూశాడు. కాగితంలో దానికి జవాబు లేదు.

మర్నాడు కొమురవ్వ మండలాఫీసుకు బస్సులో పోయింది. హాజరు పుస్తకంలో సంతకం పెట్టించారు. కూర్చోవడానికి కుర్చీ ఉందా అని అడిగితే, క్షేత్రస్థాయి వాళ్లకు కుర్చీ ఉండదన్నారు. ఎక్కడికి పోవాలి అంటే క్షేత్రానికి అన్నారు. క్షేత్రం ఎక్కడ అంటే ఇరవై మూడు బడుల జాబితా చేతికిచ్చారు. ఏ రోజు ఏ బడి అన్న పట్టిక తయారవుతున్నది, అయ్యాక పంపుతాం అన్నారు. సంతకం వారానికోసారి పెట్టినా చాలన్నారు.

కొమురవ్వకు చదువు రాదు కానీ తన ఊరి పేరు రాసి ఉంటే గుర్తుపడుతుంది. బస్టాండులో జాబితా అంతా వేలు పెట్టి వెతికింది. పదిహేడో వరుసలో చెలిమెపల్లె ఉంది.

పదకొండు గంటలకు ఆమె బడి గేటు తీసింది. వంటషెడ్డులో బియ్యం బస్తా, పప్పు, నూనె, గుడ్ల అట్టలు ఎప్పటిలాగే దిగి ఉన్నాయి. అవి పంపేది వేరే శాఖ. భోజనం ఆపేశారని ఆ శాఖకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే ఇంకో ఫైలు తెరవాలి.

"ఇదేంది కొమురవ్వా? నీ డ్యూటీ?" అన్నాడు విఠల్ సారు.

"క్షేత్రంల ఉన్న సారూ," అంది ఆమె పొయ్యి వెలిగిస్తూ.

ఆ రోజు నుంచి చెలిమెపల్లె బడిలో మధ్యాహ్న భోజనం లేదు. లేని భోజనానికి పన్నెండున్నరకు గంట కొడతారు. లేని అన్నం పొగలు కక్కుతూ ఉంటుంది. పిల్లలు తిని, చేతులు కడుక్కుని, ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటారు. కొలిచేవాడు లేడు. మైథిలి రెండోసారి పప్పు వేయించుకుంటుంది. ఓదెలు పొద్దున ఒక్కసారి మాత్రం బటన్ నొక్కి, పన్నెండు, పదమూడు అని రాసుకుని, మధ్యాహ్నం పిల్లలతో పాటు వరుసలో కూర్చుంటాడు.

నెల తిరిగేసరికి జిల్లా మొత్తంలో అతి తక్కువ దుఃఖం ఉన్న బడిగా చెలిమెపల్లె పేరు వచ్చింది, మండల పరిషత్తుకు జిల్లా అవార్డు ప్రకటించారు. భోజనం ఆపడమే ఈ విజయానికి మూలమని నివేదికలో రాశారు. మిగతా ఇరవై రెండు బడుల్లో కూడా ఆపే విషయం పరిశీలనలో ఉందని రాశారు. ఆ సంగతి విఠల్ సారు చదివి వినిపించినప్పుడు కొమురవ్వ చేతిలోని గరిటె పక్కన పెట్టింది. తర్వాత, ఆ బడులలో వండే ఆడవాళ్ల పేర్లు ఏమిటని అడిగింది. వచ్చే వారం సంతకానికి పోయినప్పుడు బస్సు దారిలో ఉన్న ఊళ్లలో దిగి, ఒక్కొక్కరినీ కలిసి వచ్చింది. వాళ్లతో ఏం మాట్లాడిందో ఎవరికీ చెప్పలేదు. క్షేత్రస్థాయి పని అంది.

ఆ తర్వాత ఒకరోజు, సరిగ్గా పన్నెండున్నరకు, కనకయ్య తనిఖీకి వచ్చాడు. జీపు లేదు, వామనరావు లేడు, ఒక్కడే మోటారుసైకిలు మీద వచ్చాడు. వరండాలో యాభై ఎనిమిది పళ్లేలు పరిచి ఉన్నాయి. కొమురవ్వ వరుసలో వడ్డిస్తూ ఆయన్ను చూసింది. గరిటె ఆగింది. విఠల్ సారు లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ నిలబడ్డాడు. ఓదెలు తన పళ్లెం మోకాళ్ల వెనక దాచాడు.

కనకయ్య ఆ వరుసలన్నీ నడిచి చూశాడు. షెడ్డులోకి వెళ్లి గంజు మూత తీసి వాసన చూశాడు. గుడ్లు చూశాడు. బయటికి వచ్చి కొమురవ్వ ముందు నిలబడ్డాడు.

"చెల్లె, ఇదేంది?"

"ఏం లేదన్నా," అంది కొమురవ్వ.

ఆయన తల ఊపాడు. అవార్డు ఇచ్చే రోజు దగ్గరపడింది. పక్క జిల్లా వాళ్లు చూడటానికి వస్తున్నారు. ఫ్లెక్సీలు అచ్చయ్యాయి. ఆయన మనవరాలు చదివే బడిలో కూడా భోజనం ఆపేశారు, ఆ పిల్ల వారం నుంచి ఇంటికి రాగానే అన్నం అన్నం అంటున్నది. ఇవన్నీ ఆయన ముఖం మీద ఒకదాని వెనక ఒకటి వచ్చి పోవడం కొమురవ్వ చూసింది.

"తనిఖీ పుస్తకం తెండి సారూ," అన్నాడు కనకయ్య.

విఠల్ సారు తెచ్చాడు. కనకయ్య వరండా మెట్టు మీద కూర్చుని, ఒక పక్కకు జరిగి నాలుగో తరగతి పిల్లల పక్కన చోటు చేసుకుని, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని రాశాడు. 'పాఠశాలను స్వయముగా దర్శించితిని. మధ్యాహ్న భోజనము వండబడుట లేదని ధ్రువీకరించుచున్నాను.' సంతకం పెట్టి, తేదీ వేసి, పుస్తకం మూసి పక్కన పెట్టాడు. శ్రీజ పక్కన ఎవరూ కూర్చోని ఖాళీ పళ్లెం ఒకటి తనవైపు లాక్కున్నాడు.

"ఇగ పెట్టు చెల్లె."

కొమురవ్వ అన్నం గంజు దగ్గరికి తెచ్చింది. "ఎంత పెట్టాలె అన్నా?"

"లేనిదానికి కొలతేంది," అన్నాడు కనకయ్య. "నిండుగ పెట్టు."